తాత బర్త్ సర్టిఫికెట్

2022 డిసెంబర్ 6, మంగళవారం. రాత్రి పదకొండు దాటింది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒక పీజీ హాస్టల్ డైనింగ్ హాలు. గోడకి కట్టిన తెల్ల దుప్పటి మీద ప్రొజెక్టర్ వెలుగు, బల్లల మీద సగం కొరికిన ఎగ్ పఫ్‌లు, చల్లారిపోయిన చాయ్ కప్పులు. ఫ్యాన్ గాలికి దుప్పటి అంచు ఊగినప్పుడల్లా గోల్‌పోస్టూ ఊగుతోంది. అమెరికా షిఫ్టు కుర్రాళ్లిద్దరు ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని, కాల్ మ్యూట్‌లో పెట్టి కూర్చున్నారు. జియోసినిమాలో బొమ్మ పక్క బిల్డింగ్ కంటే కాస్త వెనక నడుస్తోంది. అక్కడి కేకలు వినబడగానే ఇక్కడ ఏమవబోతోందో తెలిసిపోతోంది. ఖతర్ ప్రపంచకప్‌లో మొరాకో, స్పెయిన్‌ల నాకౌట్ మ్యాచ్ 120 నిమిషాలు ఆడినా 0-0 దగ్గరే ఉంది. ఇక పెనాల్టీలే దిక్కు.

స్పెయిన్ తరఫున సరాబియా కొట్టింది పోస్ట్‌కి తగిలింది. సోలెర్ కొట్టింది, ఆ తర్వాత కెప్టెన్ బుస్కెట్స్ కొట్టింది మొరాకో గోల్‌కీపర్ యాసిన్ బోనో ఆపేశాడు. చివరికి బంతి ముందు నిలబడ్డవాడు అష్రఫ్ హకీమీ. గోల్‌కీపర్ ఏదో ఒక పక్కకి దూకుతాడని లెక్కేసుకుని, బంతిని తాపీగా నడిమధ్యలోకి తేలేశాడు. 3-0. స్పెయిన్ ఇంటికి, మొరాకో క్వార్టర్ ఫైనల్‌కి.

హాల్లో గోల సద్దుమణగక ముందే వాదన మొదలైంది.

"అరే, వీడు పుట్టిందే మాడ్రిడ్‌ల కదరా! రియల్ మాడ్రిడ్ అకాడమీల పెరిగిండు. పెంచిన ఊరినే ఇంటికి పంపిండు."

"పుడ్తే ఏంది మామా? అమ్మానాయన మొరాకోవాళ్లే కద."

"ఆ గోల్‌కీపర్ కూడా కెనడాలో పుట్టాడు, మాంట్రియల్‌లో," అన్నాడు ఫోన్ చూస్తున్న కొచ్చి కుర్రాడు.

"అట్లయితే రేపు పైసలున్న దేశం టీమ్ మొత్తం కొనుక్కుంటది."

"కొననియ్యరు. ఫిఫా రూల్ ఉంటది."

"ఆ రూల్ ఎవడు రాసిండన్నా?"

ఆ రాత్రి దీనికి ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. చెప్పాలంటే రాత్రంతా పడుతుంది. ఎందుకంటే ఆ రూల్‌ని ఎవరో ఒకరు కూర్చుని రాసింది లేదు. ఎవడో ఒక ఆటగాడు, ఏదో ఒక దేశం ఒక సందు కనిపెట్టడం, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఫిఫా వచ్చి ఆ సందుకి తలుపు పెట్టడం, ఇలా దాదాపు తొంభై ఏళ్లుగా నడుస్తోంది. నిబంధనలో ఏ వాక్యం తీసుకున్నా దాని వెనక ఒక పేరు, ఒక రచ్చ కనబడతాయి.

మొదట్లో తలుపే లేదు. 1930లో మొట్టమొదటి ప్రపంచకప్ ఫైనల్ మాంటెవీడియోలో జరిగినప్పుడు లూయిస్ మోంటి అర్జెంటీనా తరఫున ఆడి ఓడిపోయాడు. నాలుగేళ్ల తర్వాత రోమ్‌లో ఫైనల్ జరిగితే అదే మోంటి ఇటలీ చొక్కా వేసుకుని ఆడి కప్పు గెలిచాడు. రెండు దేశాల తరఫున రెండు ప్రపంచకప్ ఫైనల్స్ ఆడినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే. ముస్సోలినీ ఇటలీకి కప్పు కావాలి, అర్జెంటీనా నిండా ఇటలీ నుంచి వలసపోయిన కుటుంబాల బిడ్డలున్నారు. పిలిచారు, వచ్చారు. అంతే సంగతి.

ఆ తర్వాత అల్ఫ్రెడో డి స్టెఫానో. 1947లో అర్జెంటీనాకి ఆడి దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ గెలిచాడు. కొలంబియాలో ఉన్నప్పుడు ఆ దేశం చొక్కా కూడా తొడిగాడు కానీ ఆ మ్యాచ్‌లని ఫిఫా లెక్కలోకి తీసుకోలేదు. 1957 నుంచి స్పెయిన్‌కి 31 మ్యాచ్‌లు ఆడి 23 గోల్స్ కొట్టాడు. ఆయన జోడీ ఫెరెంక్ పుష్కాష్‌ది ఇంకో కథ. హంగరీకి 85 మ్యాచ్‌లలో 84 గోల్స్ కొట్టి, 1954 ప్రపంచకప్ ఫైనల్ ఆడినవాడు. 1956లో బుడాపెస్ట్‌లోకి సోవియట్ ట్యాంకులు దిగినప్పుడు క్లబ్బుతో విదేశంలో ఉన్నాడు, ఇక వెనక్కి పోలేదు. 1962లో చిలీ ప్రపంచకప్‌కి స్పెయిన్ జట్టులో కనబడ్డాడు. అదే టోర్నీలో, 1958లో బ్రెజిల్‌తో కప్పు గెలిచిన అల్టాఫినీ ఇటలీ తరఫున దిగాడు. ఇది ఇలాగే సాగితే ప్రపంచకప్ కాస్తా పెద్ద క్లబ్బుల టోర్నీ అయిపోతుందని ఫిఫాకి అప్పుడు అర్థమైంది. ఆ దశాబ్దంలోనే తాళం పడింది. ఒక దేశం జట్టుకి అధికారిక పోటీలో ఒక్క మ్యాచ్ ఆడినా, బతికినంతకాలం ఇంకో దేశానికి ఆడకూడదు.

ఈ తాళం దేశం మారేవాళ్లకి. అసలింకా ఏ దేశానికీ ఆడనివాడి సంగతి? వాడికి ఏ దేశమైనా పౌరసత్వం ఇచ్చిందంటే చాలు, ఆడొచ్చు. మరి పౌరసత్వం ఏ లెక్కన ఇవ్వాలన్నది దేశం ఇష్టం. ఇక్కడే తాతగారు రంగప్రవేశం చేస్తారు.

ఐర్లాండ్ చట్టం ప్రకారం తాతో అమ్మమ్మో ఆ గడ్డ మీద పుట్టి ఉంటే చాలు, మనవడు ఐర్లాండ్ పౌరుడు కావచ్చు. తరతరాలుగా ఇంగ్లండ్‌కి కూలికి పోయిన దేశం కదా, ఇంగ్లండ్ క్లబ్బుల నిండా ఐరిష్ మనవలే. 1986లో ఆ జట్టుకి కోచ్‌గా వచ్చిన జాక్ చార్ల్‌టన్, ఇంగ్లండ్‌కి ప్రపంచకప్ తెచ్చిపెట్టిన జట్టులోని మనిషి, పక్కా ఇంగ్లిష్‌వాడు. ఆయన ఈ తాతల జాబితా పట్టుకుని వెతికాడు. 1990 జూన్ 25న జెనోవాలో రుమేనియాతో ప్రపంచకప్ నాకౌట్ మ్యాచ్ కూడా 0-0, అదీ పెనాల్టీలకే పోయింది. ఐర్లాండ్‌కి చివరి పెనాల్టీ కొట్టి గెలిపించిన డేవిడ్ ఓలీరీ పుట్టింది లండన్‌లో. అంతకుముందు పెనాల్టీ కొట్టిన టోనీ కాస్కరీనో పుట్టింది కెంట్‌లో. అమ్మ తరఫు తాత ఐర్లాండ్‌వాడన్న లెక్క మీద ఆ దేశానికి 88 మ్యాచ్‌లు ఆడాడు. తీరా చూస్తే వాళ్లమ్మని తాతగారు పెంచుకున్నారట, రక్తసంబంధం లేదు. ఆ మాట ఆమే ఆయనకి చెప్పింది, ఆయన 2000లో వచ్చిన ఆత్మకథలో బయటపెట్టాడు. పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. పెంపుడు బిడ్డకీ చట్టప్రకారం అదే హక్కు ఉందని తేలాక గొడవ చల్లారింది. దత్తత మన ఇళ్లలో కొత్తగాదు కాబట్టి ఇందులో అంత అల్లరి ఏముందో మనకి ఓ పట్టాన అర్థం కాదు.

అసలు బజారు పెట్టింది 2004లో. ఆ ఏడాది జర్మన్ లీగ్‌లో 28 గోల్స్‌తో అందరికంటే ముందున్న బ్రెజిల్ ఆటగాడు ఐల్టన్‌ని, అతనితోపాటు డెడె, లియాండ్రో అనే ఇంకో ఇద్దరు బ్రెజిలియన్లని ఖతర్ పిలిచింది. ముగ్గురిలో ఎవరికీ ఖతర్‌తో ఏ సంబంధమూ లేదు. పెద్ద మొత్తాలు ఇస్తామంది, పాస్‌పోర్టులు ఇస్తామంది. బ్రెజిల్ సీనియర్ జట్టులో వాళ్లకి చోటు దొరకలేదు గనక పాత తాళం వాళ్లని ఆపలేదు. మార్చిలో ఫిఫా హడావుడిగా అత్యవసర కమిటీ పెట్టి కొత్త షరతు తెచ్చింది. కొత్తగా పౌరసత్వం తీసుకున్నవాడు ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరో, తాతమామ్మల్లో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి, లేదా రెండేళ్లు అక్కడ కాపురముండాలి. తాత పుట్టిన ఊరు అలా ప్రపంచమంతటికీ రూల్ అయ్యింది. రెండేళ్లు మరీ చవగ్గా ఉందని 2008లో సిడ్నీ కాంగ్రెస్‌లో దాన్ని అయిదేళ్లు చేశారు, అదీ పద్దెనిమిదేళ్లు నిండాక లెక్కపెట్టే అయిదేళ్లు.

పాత తాళం మాత్రం అప్పటికే కొందరి గొంతుకి పట్టింది. పదహారేళ్లప్పుడు ఫ్రాన్స్ కుర్రాళ్ల జట్టుకి ఆడిన అల్జీరియా పిల్లలు పెద్దయ్యాక ఫ్రాన్స్ సీనియర్లలోకి రాలేక, అల్జీరియాకి వెళ్లలేక నడిమధ్యలో మిగిలిపోయేవాళ్లు. 2004లోనే ఇరవై ఒకటో ఏడు లోపు మారొచ్చని సడలించారు. 2009లో బహామాస్‌లో జరిగిన కాంగ్రెస్‌లో అల్జీరియా పట్టుబట్టి ఆ వయసు పరిమితినీ తీయించింది. 2001లో ఫ్రాన్స్‌తో అండర్-17 ప్రపంచకప్ గెలిచిన మెగ్నీ, యెబ్దా ఆ ఏడాదే అల్జీరియా చొక్కాలు తొడుక్కున్నారు. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు లెక్కలోకి రావన్నది ఇంకో సందు. డియెగో కోస్టా 2013లో బ్రెజిల్‌కి రెండు ఫ్రెండ్లీలు ఆడి, 2014 ప్రపంచకప్‌కి అదే బ్రెజిల్ గడ్డ మీద స్పెయిన్ తరఫున దిగితే జనం మ్యాచంతా ఈలలు వేసి గోల చేశారు.

మునీర్ ఎల్ హద్దాదీ కథ దగ్గర మాత్రం ఆగాలి. బార్సిలోనా కుర్రాడు, తండ్రిది మొరాకో. 2014 సెప్టెంబర్‌లో మాసిడోనియాతో యూరో క్వాలిఫయర్‌లో స్పెయిన్ అతన్ని చివర్లో పదమూడు నిమిషాలు ఆడించింది. అంతే, తర్వాత మళ్లీ పిలిచిన పాపాన పోలేదు. ఆ పదమూడు నిమిషాలకి జీవితాంతం స్పెయిన్‌వాడే. 2018 ప్రపంచకప్‌కి మొరాకో వెళ్తుంటే నన్నూ పంపండని క్రీడల అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయాడు, ఓడిపోయాడు. అలాంటివాళ్లే చిన్న దేశాలకి చాలామంది ఉన్నారని కేప్ వర్డ్ ఫిఫాలో అడగడం మొదలుపెట్టింది. 2020 సెప్టెంబర్‌లో, కరోనా వల్ల ఆన్‌లైన్లో జరిగిన కాంగ్రెస్‌లో రూల్ మారింది. సీనియర్ జట్టుకి మూడు మ్యాచ్‌లకి మించి ఆడకుండా, ఆడినప్పుడు ఇరవై ఒకటి నిండకుండా, ఆ తర్వాత మూడేళ్లు గడిచి ఉంటే, ప్రపంచకప్‌లోగానీ ఖండం కప్పులోగానీ దిగి ఉండకపోతే, ఒక్కసారి మారొచ్చు. నాలుగు షరతులు, ఒక్కొక్కటీ ఎవడో ఒకడి పదమూడు నిమిషాలు. 2021లో మునీర్ మొరాకోకి ఆడాడు.

కేప్ వర్డ్ అనగానే సైబరాబాద్ వాళ్లు సరదాపడే ముచ్చటొకటి ఉంది. ఆ జట్టు డిఫెండర్ రాబర్టో లోపెస్ పుట్టింది డబ్లిన్‌లో. తండ్రిది కేప్ వర్డ్, తల్లి ఐరిష్. క్లబ్ ఫుట్‌బాల్ పూర్తికాలం వృత్తి కాకముందు బ్యాంకులో ఇళ్ల లోన్ల పని చూసేవాడు. 2018లో అతనికి లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసులో ఒక మెసేజ్ వచ్చింది. రిక్రూటర్ల స్పామ్ అనుకుని వదిలేశాడు, మనమందరం చేసే పనే. నెలల తర్వాత ఇంకో మెసేజ్ వస్తే అప్పుడు అనువాదం చేసుకుని చూశాడు. పంపింది కేప్ వర్డ్ జాతీయ జట్టు కోచ్, మా దేశానికి ఆడతావా అని. 2025 అక్టోబర్‌లో ఎస్వాతినీని 3-0తో ఓడించి ఆ బుల్లి దేశం ప్రపంచకప్‌కి అర్హత సాధించింది, లోపెస్ ఆ జట్టులో ఉన్నాడు. రిక్రూటర్ మెసేజ్‌లు చదవకుండా డిలీట్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇక ఆ రాత్రి హాస్టల్లో తేలని వాదన. పెంచిన దేశాన్ని ఇంటికి పంపాడని హకీమీ మీద పడ్డవాళ్లకి అవతలి జట్టు కనబడలేదు. స్పెయిన్ డిఫెన్స్‌లో నిలబడ్డ లాపోర్ట్ ఫ్రాన్స్‌లో పుట్టి, ఫ్రాన్స్ కుర్రాళ్ల జట్లకి ఆడి, 2021లో స్పెయిన్‌కి మారినవాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన నికో విలియమ్స్ స్పెయిన్ తరఫున ఆడుతుంటే, వాళ్లన్న ఇనాకీ అదే ప్రపంచకప్‌లో ఘనా తరఫున ఆడాడు. ఆ అన్న కూడా 2016లో స్పెయిన్‌కి ఒక ఫ్రెండ్లీ ఆడినవాడే. మొరాకో జట్టు 26 మందిలో 14 మంది ఆ దేశం బయట పుట్టినవాళ్లే. పెనాల్టీలో గోల్ కొట్టిన ముగ్గురిలో జియెష్ నెదర్లాండ్స్‌లో పుట్టాడు, సబిరి జర్మనీలో పెరిగాడు. నాలుగు రోజుల తర్వాత పోర్చుగల్‌ని కూడా ఓడించి సెమీస్‌కి చేరిన మొట్టమొదటి ఆఫ్రికా జట్టయ్యారు వీళ్లు. ఇందులో మోసమేమీ లేదు. వలసపోయిన కుటుంబాల దేశం తన బిడ్డల్ని వెనక్కి పిలిచింది, వాళ్లొచ్చారు. ఏ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ నుంచో బయల్దేరి న్యూజెర్సీలో, డాలస్‌లో తేలిన కుటుంబాల ఊరికి ఇది అర్థంకాని విషయం కాదు.

మోసం వేరే చోట జరిగింది, దానికి ముందుమాట గచ్చిబౌలిలోనే పడింది. 2024 నవంబర్ 18, సోమవారం. జీఎంసీ బాలయోగి స్టేడియంలో భారత్, మలేసియా ఫ్రెండ్లీ. చుట్టూ అద్దాల టవర్లలో ఇంకా లైట్లు వెలుగుతుండగానే జనం ఐడీ కార్డులు మెడలో ఉండగానే గ్యాలరీలకి వచ్చారు. పంతొమ్మిదో నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బంతి కోసం బాక్స్ వదిలి ముందుకి వచ్చేసి అందుకోలేకపోయాడు, ఖాళీ గోల్‌లోకి బంతి నెట్టేశాడు పావ్లో జోజ్వే. బ్రెజిల్‌లో పుట్టినవాడు. ఏళ్లతరబడి మలేసియాలో క్లబ్బులకి ఆడి, అయిదేళ్ల కాపురం రూల్ ప్రకారం ఆ దేశంవాడైనవాడు. రూల్‌లో వంక పెట్టడానికి లేదు. రాహుల్ భేకే తలతో కొట్టి స్కోరు సమం చేశాడు, 1-1. బయటికొస్తూ జనం మాట్లాడుకున్నది గుర్‌ప్రీత్ పొరపాటు గురించి కొంత, 'మనమెందుకు ఇట్లా తెచ్చుకోం' అన్నదాని గురించి ఎక్కువ.

ఏడాది తిరక్కుండా మలేసియా ఈ తెచ్చుకోవడాన్ని ఎక్కడిదాకా లాక్కెళ్లిందో లోకం చూసింది. 2025 జూన్ 10న ఆసియా కప్ క్వాలిఫయర్‌లో వియత్నాంని 4-0తో చిత్తుచేసింది. ఆ జట్టులో కొత్తగా కనబడ్డ అర్జెంటీనా, బ్రెజిల్, స్పెయిన్, నెదర్లాండ్స్ పుట్టుకవాళ్లకి అయిదేళ్ల కాపురం లేదు. వాళ్ల తాతలో నాయనమ్మలో మలేసియాలో పుట్టారని కాగితాలు పెట్టారు. ఫిఫా ఆయా దేశాల రికార్డుల్లోంచి అసలు జనన పత్రాలు తెప్పించి పక్కన పెట్టి చూస్తే, ఆ పెద్దవాళ్లెవరూ మలేసియాలో పుట్టలేదు. పుట్టిన ఊరు మార్చేశారు. సెప్టెంబర్‌లో ఏడుగురు ఆటగాళ్లకి పన్నెండు నెలల నిషేధం, మలేసియా సమాఖ్యకి 350,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా. అప్పీలు కూడా నవంబర్‌లో కొట్టేశారు. గచ్చిబౌలిలో గోల్ కొట్టిన జోజ్వే ఆ ఏడుగురిలో లేడు, అతని పేరు ఇందులోకి లాగడం అన్యాయం.

మనమెందుకు తెచ్చుకోమన్న ప్రశ్నకి జవాబు కూడా హైదరాబాద్ గుండానే పోతుంది. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ ఇక్కడే జరిగింది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ల కోసం ఓసీఐ పథకాన్ని ఆ వేదిక మీదే మొదలుపెట్టి, మొదటి కార్డులు ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఇచ్చారు. అప్పట్లో పేపర్లు దాన్ని ద్వంద్వ పౌరసత్వం అని రాశాయి, జనమూ అలాగే అనుకున్నారు. అది పౌరసత్వం కాదు. వీసా లేకుండా రావొచ్చు, ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు. దేశానికి ఆడే హక్కు గురించి అప్పుడెవరూ అంతగా పట్టించుకోలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన సానియా మీర్జాతో డబుల్స్ ఆడింది అమెరికాలో పుట్టి పెరిగిన సునీతా రావు. ఆ ఏడాది చివర్లోనే కేంద్ర క్రీడాశాఖ గీత గీసింది, భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే భారత్‌కి ఆడాలని. సునీతా రావు, ప్రకాశ్ అమృత్‌రాజ్ లాంటివాళ్లకి ఆ దారి మూసుకుపోయింది.

ఫుట్‌బాల్‌లో ఆ గీత దాటి వచ్చిన మొదటి మనిషి అరాటా ఇజుమి. జపాన్‌లో పుట్టాడు, తండ్రిది గుజరాత్ మూలం. జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో భారత్‌కి ఆడాడు. తర్వాత చాలా ఏళ్లు ఇంకెవరూ రాలేదు. ఈలోగా పక్కవాళ్లు వచ్చేశారు. బంగ్లాదేశ్ చట్టం రెండు పాస్‌పోర్టులనీ ఒప్పుకుంటుంది. ఇంగ్లండ్ అండర్-21 జట్టుకి ఆడిన హమ్జా చౌధురి 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో మన మీదే బంగ్లాదేశ్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. దానికి మన జవాబు రిటైరైన సునీల్ ఛెత్రీని నలభయ్యో ఏట వెనక్కి పిలవడం. ఆ మ్యాచ్ 0-0. నవంబర్ 18న ఢాకాలో 0-1, ఓడిపోయాం.

ఇప్పుడు సైబరాబాద్ క్యాంటీన్లలో వాదనలో రెండు వర్గాలు. ఓసీఐ వాళ్లని ఆడించమనేవాళ్లు ఒక పక్క, ఇక్కడి గ్రౌండ్లు బాగుచేయకుండా బయటినుంచి తెచ్చుకోవడమేంటనేవాళ్లు ఒక పక్క. రెండో పక్షం దగ్గర మంచి ఆయుధమే ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానానికి చేరిన జట్టుకి కోచ్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారుచేసిన రహీం సాబ్. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, అందరూ ఈ ఊరి గల్లీల్లోంచి పోయినవాళ్లే. ఎవరి తాత ఎక్కడ పుట్టాడో వెతికే పని అప్పుడు పడలేదు. ఇప్పుడు ఊరికి ఐఎస్ఎల్ క్లబ్బు కూడా లేదు. 2022లో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆటగాడు దేశం మారాలంటే తాత బర్త్ సర్టిఫికెట్ కావాలి, క్లబ్బు ఊరు మారాలంటే ఒక ప్రకటన చాలు.

మన తెలుగు తాతల సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలోనే ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మన జట్టు మారిషస్‌తో ఆడి 0-0తో బయటపడింది. పంతొమ్మిదో శతాబ్దంలో మన కోస్తా జిల్లాలనుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి ఉన్న దీవి అది. అలాంటి ఒక కుటుంబం మారిషస్ నుంచి ఫ్రాన్స్‌కి పోతే, అక్కడ పుట్టిన పిల్లవాడు వికాశ్ దొరసూ. లియాన్, మిలాన్, పారిస్ క్లబ్బులకి ఆడి 2006 ప్రపంచకప్‌కి జిదాన్‌తోపాటు ఫ్రాన్స్ జట్టులో వెళ్లాడు. గ్రూప్ దశలో రెండు మ్యాచ్‌ల్లో చివర కాసేపు దిగాడు, మిగతా టోర్నీ అంతా బెంచి మీదే. ఆ దిగులుని వెంట తీసుకెళ్లిన సూపర్-8 కెమెరాలో తనే చిత్రీకరించుకుంటే అది 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమా అయ్యింది. ఫిఫా రూల్ తాత దగ్గర ఆగిపోతుంది. ముత్తాతల నాడు ఓడెక్కినవాళ్లకి అందులో చోటు లేదు, మనం పిలవాలనుకున్నా దొరసూ లాంటివాళ్లు మనకి చెల్లరు.

ఓసీఐ పక్షం వాళ్లు తిట్టేది క్రీడాశాఖని. నా లెక్కలో ఆ తిట్లు తప్పు చిరునామాకి పోతున్నాయి. 2008 గీతని రేపు చెరిపేసినా ఓసీఐ కార్డుతో ఫుట్‌బాల్ ఆడించలేరు. ఫిఫా మొదట అడిగేది పౌరసత్వం, తాత సంగతి ఆ తర్వాత. ఓసీఐ పౌరసత్వం కాదని మన చట్టమే చెబుతోంది. మారాల్సింది 1955 నాటి పౌరసత్వ చట్టం, అది పార్లమెంటు పని, ఫుట్‌బాల్ కోసం ఆ పని ఎవరూ చేయరు, చేయాలని నేనూ అనను. పార్లమెంటు తలుపు తట్టడానికి ఓటు హక్కు లాంటి ఇంకా బరువైన కారణాలు చాలా ఉన్నాయి.

డాలస్‌లో పుట్టి ఫుట్‌బాల్ బాగా ఆడే మేనల్లుడు ఎవరికైనా ఉంటే దారి ఇది. తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టారు గనక ఫిఫా తలుపు తెరిచే ఉంది. ఓసీఐగా అయిదేళ్లు ఉండి, దరఖాస్తుకి ముందు ఏడాదిపాటు ఇక్కడే నివసించి, అమెరికా పాస్‌పోర్ట్ వదిలేస్తే మన తలుపూ తెరుచుకుంటుంది. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టాడు, తల్లి ముంబైలో పుట్టింది, తాత 1950ల్లో సంతోష్ ట్రోఫీలో బొంబాయికి ఆడాడు. 2019లో ఆస్ట్రేలియాకి ఒక ఫ్రెండ్లీ ఆడాడు, అది లెక్కలోకి రాదు. ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025 నవంబర్‌లో భారత పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. ఢాకా మ్యాచ్ నాటికి ఆస్ట్రేలియా సమాఖ్య నుంచి రావాల్సిన నిరభ్యంతర పత్రం అందక అందులో ఆడలేకపోయాడు.